ఏడుగురికి ఒక ట్రైనర్ కావలెను

ఫోన్లో 'ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ట్రైనింగ్' అని ఒక్కసారి వెతికి చూడండి. ఆ తర్వాత వారం రోజులు ప్రశాంతంగా ఉండలేరు. అమీర్‌పేట నుంచి ఒకరు, బెంగళూరు నుంచి ఒకరు, ఏ ఊరో చెప్పని ఇంకొకరు 'సార్, వీకెండ్ బ్యాచ్ స్టార్ట్ అవుతోంది, పీఎంపీ చేస్తే ప్యాకేజీ డబుల్' అంటూ ఫోన్లు చేస్తూనే ఉంటారు. నేను వెతికింది నా కోసం కాదు. కర్నూలులో చిన్న ఆఫీసు పెట్టుకుని, అటు కోసిగి, ఆలూరు వైపు కొన్ని పల్లెల్లో, ఇటు కడప జిల్లాలో కొన్ని పల్లెల్లో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ ఉంది. మొత్తం ఏడుగురు. వాళ్ళకు ట్రైనర్‌ను వెతికిపెట్టే పని నా మీద పడింది. "ఇంజినీరింగ్ చదివినావు, బ్లాగు రాస్తావు, నీకు తెలియని కోర్సు ఉంటాదా తమ్ముడూ" అన్నారు ఆ సంస్థ నడిపే అక్క. కోర్సులు దొరికాయి. మనిషి దొరకడానికే మూడు నెలలు పట్టింది. ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఈ సంగతి ఎందుకంటే, ఆ దొరకని మనిషి రేపు మీరే కావొచ్చు.

ముందు వాళ్ళ ఇబ్బంది ఏంటో చెప్తాను. ఏడుగురిలో ఒక డైరెక్టరు, ఒక అకౌంటెంటు, ఇద్దరు కోఆర్డినేటర్లు, ముగ్గురు ఫీల్డ్ స్టాఫ్. చేతిలో మూడు ప్రాజెక్టులు: పంటకుంటలు, పండ్లమొక్కలు, బడి మానేసిన పిల్లలకు సాయంత్రం తరగతులు. ముగ్గురు దాతలు, ముగ్గురికీ మూడు రకాల రిపోర్టులు. కర్నూలు నుంచి కడప దాదాపు 200 కిలోమీటర్లు, నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా. ఒక కోఆర్డినేటరు సగం జీవితం బస్సులోనే. పనిలో చిత్తశుద్ధికి వంక పెట్టలేం. అయితే ఎవరు ఏ తేదీకి ఏం చేయాలన్నది ఒక్క అక్క బుర్రలోనే ఉండేది. ఆమెకు జ్వరం వస్తే సంస్థకే జ్వరం. ఒకసారి పని మొత్తం పూర్తయినా, యూసీ, అంటే వినియోగ ధ్రువపత్రం, సమయానికి వెళ్ళక రెండో విడత డబ్బు నెలల తరబడి ఆగిపోయింది. ఆ నెలల్లో ఫీల్డ్ స్టాఫ్‌కు జీతాల్లేవు. ముగ్గురిలో ఒకరు మానేసి హైదరాబాద్‌లో డెలివరీ పనికి వెళ్ళిపోయారు. ఆ ఊళ్ళో సాయంత్రం తరగతులు అంతటితో ఆగిపోయాయి.

"సేవ చేసేవాళ్ళకు ఈ మేనేజ్‌మెంట్ గోల ఎందుకు?" అని ఆ సంస్థ పెద్దల్లో ఒకరు నన్ను సూటిగానే అడిగారు. పైన చెప్పిందే నా జవాబు. మానేసిన ఆ అబ్బాయికి సేవాభావం తక్కువై మానలేదు కదా.

ఇక ట్రైనర్ల మార్కెట్ గురించి. మన దగ్గర ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పేరుతో అమ్ముడయ్యేది ఎక్కువగా పరీక్ష కోచింగ్. పీఎంపీ అనే సర్టిఫికెట్ ఇచ్చేది అమెరికాలోని ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, పీఎంఐ. 1969లో పుట్టిన సంస్థ. మంచి సర్టిఫికెట్టే, కాదనను. అయితే ఫైనలియర్ పిల్లలకు కూడా దీన్ని అంటగట్టే సెంటర్లు ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నాలుగేళ్ళ డిగ్రీ ఉన్నవాళ్ళు పీఎంపీ రాయాలంటే ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు ఉండాలి, దానిపైన 35 గంటల శిక్షణ. డిగ్రీ చేతికి రాగానే రాసేది కాదు. 'ముందు కోచింగ్ తీసుకో, తర్వాత చూద్దాం' అన్నవాళ్ళకు ఫీజు కట్టి వస్తే, ఆ 'తర్వాత' మూడేళ్ళ అవతల ఉంటుంది. ఫ్రెషర్లకు అదే సంస్థ ఇచ్చే సీఏపీఎం ఉంది. ఇంటర్ స్థాయి చదువు, 23 గంటల శిక్షణ చాలు. ఈ తేడా చెప్పకుండా మీ దగ్గర అడ్వాన్స్ అడిగే సెంటర్‌కు వెంటనే నమస్కారం పెట్టేయండి.

సరే, మా వేటకు వద్దాం. మొదట మాట్లాడింది హైదరాబాద్‌లో కార్పొరేట్ ట్రైనింగులు ఇచ్చే ఒకాయనతో. చాలా మర్యాదస్తుడు. రెండు రోజుల వర్క్‌షాప్‌కు ఆయన చెప్పిన ఫీజు మా అకౌంటెంట్ రెండు నెలల జీతం. అది కూడా 'ఎన్జీవో డిస్కౌంట్' పోను. స్లైడ్లు పంపమంటే పంపారు. స్ప్రింట్లు, బర్న్‌డౌన్ చార్టులు, రిలీజ్ ప్లానింగ్. సాఫ్ట్‌వేర్ కంపెనీకి అవి సరిగ్గా సరిపోతాయి. నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: "సార్, కోసిగి పల్లెల్లో ఇంటింటి సర్వే ఉంది. జనవరిలో పెట్టుకోవచ్చా?" "వై నాట్, రిసోర్సెస్ ఉంటే పెట్టుకోవచ్చు" అన్నారు.

పెట్టుకోకూడదు. చలికాలం మొదలయ్యాక ఆ వైపు పల్లెల్లో సగం ఇళ్ళకు తాళాలుంటాయి. జనం మిరపకాయ కోతలకు గుంటూరు వైపు వెళ్ళిపోతారు. సుగ్గికి పోవడం అంటారు. ఉగాదికి గానీ చాలామంది తిరిగిరారు. ఇళ్ళ దగ్గర మిగిలేది ముసలివాళ్ళు, కొందరు పిల్లలు. జనవరిలో సర్వే చేస్తే లెక్క మొత్తం తప్పుతుంది. ఆ లెక్క మీదే మిగతా ప్రాజెక్టంతా నిలబడుతుంది. అప్పటి నుంచి ప్రతి ట్రైనర్‌ను నేను ఈ ప్రశ్నే అడిగాను. తెలియకపోవడం పెద్ద తప్పేం కాదు. "ఎందుకు అడుగుతున్నారు? జనవరిలో ఏమవుతుంది?" అని తిరిగి అడిగినా నాకు చాలు. అడిగినవాళ్ళు చాలా తక్కువ.

ప్రభుత్వ శాఖలో వాటర్‌షెడ్ పనులు చేసి రిటైరైన ఒక సారు దొరికారు. ఆయనకు సుగ్గి తెలుసు, నేల తెలుసు, ఏ నెలలో గట్టు వేయాలో తెలుసు. కానీ రెండు గంటలూ ఆయన చెప్పింది ఫారాలు నింపడం గురించే. నాకు కొంచెం బాధేసింది. ఎందుకంటే వాటర్‌షెడ్ కార్యక్రమాల్లో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ విషయమై మన ప్రాంతానికి దొరికిన మంచి పాఠం ఒకటి ఉంది. 1994లో సి.హెచ్. హనుమంతరావు కమిటీ ఇచ్చిన నివేదికతో దేశమంతా వాటర్‌షెడ్ పనులకు ఒక పద్ధతి వచ్చింది. దాదాపు 500 హెక్టార్లు ఒక యూనిట్, ఊరివాళ్ళ కమిటీ, పక్కన వేర్వేరు చదువులున్న ఒక చిన్న బృందం. 2008 ఉమ్మడి మార్గదర్శకాల్లో పనిని మూడు దశలుగా విడదీశారు. మొదట సన్నాహం, తర్వాత పనులు, చివర అప్పగింత. బడ్జెట్‌లో 5 శాతం కేవలం ఊరి సంఘాలను కట్టి, మనుషులకు నేర్పడానికే కేటాయించారు. నాబార్డ్ వాటర్‌షెడ్లలోనైతే ముందు సామర్థ్యం పెంచే దశ. అందులో ఊరు తన పని తాను చేసి చూపించాకే పూర్తిస్థాయి పనులకు డబ్బు. నేర్చుకోవడం కూడా పనిలో భాగమేననీ, దానికీ డబ్బు, టైమూ కావాలనీ అప్పుడు ఒప్పుకున్నారు.

ఇప్పుడు చిన్న సంస్థలకు వచ్చే డబ్బులో ఆ మాత్రం ఒప్పుకోలు కూడా కరువైంది. కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్ కింద ఖర్చు పెట్టాలి. మంచిదే. కానీ ఆ డబ్బు ఇచ్చేవాళ్ళకు ఎన్ని మొక్కలు, ఎన్ని కుంటలు, ఎంతమంది పిల్లలు అన్న లెక్క కావాలి. 'మా స్టాఫ్‌కు రెండు రోజులు ట్రైనింగ్' అని ఒక లైను రాస్తే ముందుగా కొట్టేసేది ఆ లైనే. విదేశీ విరాళాల సంగతి చూస్తే, 2020లో చట్టాన్ని సవరించి పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. ఒక సంస్థ తన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వడాన్నీ ఆపేశారు. పెద్ద సంస్థల చేతి మీదుగా పల్లెల్లోని చిన్న సంస్థలకు చేరే దారి మూసుకుపోయింది. దుబారా ఆపాలన్న ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కానీ ఆఫీసు అద్దె, పైవాళ్ళ జీతాలు, అకౌంట్లు అన్నీ ఆ 20లోనే సర్దుకోమంటే ట్రైనింగుకు మిగిలేది టీ ఖర్చే. నేర్చుకోవడానికి రూపాయి ఇవ్వకుండా రిపోర్టు మాత్రం కార్పొరేట్ స్థాయిలో కావాలంటే ఎలా?

ఇక్కడొక చిన్న ముచ్చట. ప్రాజెక్టు ప్లానింగ్ పేరు చెప్పి దాతలు అందరి చేతా నింపించే 'లాగ్‌ఫ్రేమ్' అనే గళ్ళ పట్టికను అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ కోసం తయారుచేసింది కూడా 1969లోనే. అదే ఏడాది విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ మొదలుపెట్టారు. పీఎంఐ, లాగ్‌ఫ్రేమ్, ఆర్డీటీ మూడూ ఒకే ఈడువి! మా టీముకు దారి చివరికి ఈ మూడోదానివైపు నుంచే దొరికింది. సంస్థ నుంచి కాదు, ఆ నేల నుంచి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో దశాబ్దాలుగా ఆర్డీటీ, అక్సియన్ ఫ్రెటర్నా, చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ లాంటివి పనిచేయడం వల్ల, కరువు నేలలో ప్రాజెక్టులు నడిపిన మనుషులు ఒక తరం తయారయ్యారు. అలాంటి పల్లె ప్రాజెక్టుల్లో పదేళ్ళకు పైగా కోఆర్డినేటర్‌గా చేసి, ఇప్పుడు సొంతంగా ఉంటున్న ఒక మేడం గురించి ఎవరో చెప్పారు. ఫోన్ చేశాను.

ఆమె ఫీజు గురించి మాట్లాడలేదు. స్లైడ్ల గురించీ మాట్లాడలేదు. "మీ మూడు ప్రాజెక్టుల ఒప్పందాలు, పోయిన ఏడాది బడ్జెట్, ఖర్చు రెండూ పంపండి. ఆలస్యమైన రిపోర్టు ఒకటి కూడా పంపండి, సిగ్గుపడకండి" అన్నారు. జనవరి ప్రశ్న అడగబోతే నా మాట పూర్తికాకముందే, "సుగ్గికి పోయింటారు కదప్పా, ఎవరున్నారని పోతారు?" అన్నారు. వెతుకులాట అక్కడితో ఆగింది.

ఆ రెండు రోజులు నేను వెనక కూర్చుని చూశాను. ప్రొజెక్టరు లేదు. గోడకు పొడవుగా చార్టులు అంటించి, పన్నెండు నెలలు గీశారు. జనవరితో మొదలుపెట్టలేదు, తొలకరితో మొదలుపెట్టారు. ముందు వర్షం ఎప్పుడొస్తుందో అది గీయించారు. తర్వాత సుగ్గి, వేరుశనగ విత్తనం, కోత, పీర్ల పండగ, బడి సెలవులు. ఇవన్నీ నింపాక మిగిలిన ఖాళీలు చూపించి, "ఇదీ మీకున్న టైము. పన్నెండు నెలలు కాదు" అన్నారు. అప్పుడు పండ్లమొక్కల ప్రాజెక్టు తీసుకుని వెనక నుంచి ముందుకు నడిపించారు. మొక్క నేలలో పడాల్సింది వానలు పడ్డాక. గుంతలు అంతకుముందే ఎండాకాలంలో తవ్వి ఉంచాలి. మొక్కలకు నర్సరీలో ఆర్డరు ఇంకా ముందే ఇవ్వాలి. ఆర్డరుకు అడ్వాన్స్ కావాలి. దాత డబ్బు ఎప్పుడొస్తోంది? ఆర్థిక సంవత్సరం అయిపోతుందని మార్చి ఆఖరులో. అంటే నర్సరీకి అడ్వాన్స్ ఇవ్వాల్సిన రోజున అకౌంట్లో డబ్బు లేదు. వాన తప్పితే మొక్క పది రోజులు ఆలస్యం అవ్వదు, ఏడాది ఆలస్యమవుతుంది. ఈ సంగతి ఏడుగురికీ విడివిడిగా తెలుసు. ఒకే గోడ మీద చూడటం మాత్రం అదే మొదటిసారి. ఇంజినీరింగ్‌లో మనం 'క్రిటికల్ పాత్' అని చదివి, లెక్క చేసి, మార్కులు తెచ్చుకుని మర్చిపోయేది ఇదే.

రెండో రోజు మధ్యాహ్నం ఇంకా బాగుంది. దాతకు ఉత్తరం రాయించారు. 'మొదటి విడత మార్చిలో కాకుండా డిసెంబరులో ఇవ్వండి, లేదా నాటే గడువును వచ్చే వానాకాలానికి మార్చండి' అని, కారణాలతో, ఒక్క పేజీలో. రాయడానికి మా వాళ్ళు జంకారు. దాతను ప్రశ్నించినట్టు ఉంటుందేమోనని. "ఇప్పుడు చెప్తే ప్లానింగ్ అంటారు, అక్టోబరులో చెప్తే సాకు అంటారు" అన్నారామె. నా దృష్టిలో ట్రైనర్ నేర్పాల్సిన వాటిలో గడువు కుదరదని ముందే చెప్పగలగడం చాలా పెద్దది. పట్టిక నింపడం ఎవరైనా నేర్పుతారు.

దాతకు నచ్చే ప్లాను వేరు, నేలకు నచ్చే ప్లాను వేరు అనడానికి మన కాళ్ళ దగ్గరే పాత ఉదాహరణ ఉంది. కర్నూలు-కడప కాలువ. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి మొదలయ్యే కేసీ కెనాల్‌ను 19వ శతాబ్దంలో తవ్వింది ప్రభుత్వం కాదు, మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అనే ఒక ప్రైవేటు కంపెనీ. లండన్‌లో షేర్లు అమ్మి డబ్బు తెచ్చారు. ఆ పెట్టుబడికి 5 శాతం వడ్డీ గ్యారంటీ ఇచ్చింది ప్రభుత్వం. నీళ్ళు పారతాయి, పడవలు నడుస్తాయి, లాభాలొస్తాయి అనుకున్నారు. ఖర్చు అంచనాలు దాటింది. నల్లరేగడి రైతులు అనుకున్నంతగా నీళ్ళు కొనలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను తీసుకుంది. పని సాగినా సాగకపోయినా వడ్డీ వచ్చేవాడికి ఖర్చు గురించి తొందరేముంటుంది? నీళ్ళు కొనాల్సిన రైతును ముందుగా అడిగిందెవరు? కర్నూలు, కడప కాలేజీల్లో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చెప్పే సార్లు అమెరికా కంపెనీల కేస్ స్టడీలు పక్కన పెట్టి ఒక గంట ఇది చెప్తే పిల్లలకు బాగా ఎక్కుతుందని నా అభిప్రాయం.

ట్రైనరంటే పట్నం నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని రావాలన్న రూలు కూడా లేదు. ఓర్వకల్లు అంటే ఇప్పుడు మనకు విమానాశ్రయం, రాక్ గార్డెన్ గుర్తొస్తాయి. అంతకు చాలా ముందే, 1990లలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం చేపట్టిన పేదరిక నిర్మూలన ప్రాజెక్టు కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నడిచింది. ఆ రోజుల్లోనే ఓర్వకల్లు మండలంలో పొదుపు మహిళలు సంఘాలు కట్టి, వాటిని మండల సమాఖ్యగా మార్చుకున్నారు. తర్వాత వెలుగు, ఇందిరా క్రాంతి పథం వచ్చాక, సంఘం నడిపి అప్పుల నుంచి బయటపడిన మహిళలనే 'కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు'గా ఇతర ఊళ్ళకు పంపారు. మన రాష్ట్రం నుంచి అలాంటి మహిళలు బిహార్ దాకా వెళ్ళి సంఘాలు కట్టడం నేర్పారు. వాళ్ళలో చాలామంది పెద్దగా చదువుకున్నవాళ్ళు కారు. భాష కూడా వేరు. అయినా పని జరిగింది. ఎందుకంటే వాళ్ళు తాము చేసిందే చెప్పారు.

మరి ఉద్యోగం మాటేంటి అంటారా? వస్తున్నా. చిన్న సంస్థల్లో ప్రాజెక్ట్ కోఆర్డినేటర్, ఎంఐఎస్ లాంటి పోస్టులు ఉంటాయి. జీతం సాఫ్ట్‌వేర్ స్థాయిలో ఉండదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. ఇంట్లో అప్పు తీర్చాల్సిన బాధ్యత ఉంటే ముందు అది చూసుకోండి, ఎవరేమన్నా పట్టించుకోకండి. ఆసక్తి ఉంటే మాత్రం దారులున్నాయి. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ 13 నెలలు, 21 నుంచి 32 ఏళ్ళ లోపు గ్రాడ్యుయేట్లకు, స్టైపెండ్‌తో పల్లెలో స్వచ్ఛంద సంస్థతో కలిసి ఒక ప్రాజెక్టు నడిపించే అవకాశం. 1983లో మొదలైన ప్రదాన్ సంస్థ క్యాంపస్‌ల నుంచి పిల్లల్ని తీసుకుని పల్లెల్లోనే పని నేర్పిస్తుంది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన దీప్ జోషి ఇంజినీరే, ఎంఐటీలో చదివారు, 2009లో మెగసెసె అవార్డు అందుకున్నారు. ఇంజినీరింగ్ చదివి పల్లెలకెళ్ళడం ఏంటని ఇంట్లో అడిగితే ఈ పేరు చెప్పండి.

నేర్చుకోవడానికి ఖర్చు కూడా పెద్దగా లేదు. అభివృద్ధి ప్రాజెక్టుల కోసమే పీఎంఫర్‌ఎన్జీవోస్ అనే సంస్థ తయారుచేసిన 'ప్రాజెక్ట్ డీప్రో' గైడ్ ఉచితంగా దొరుకుతుంది. పరీక్ష రాస్తేనే డబ్బు. ఎక్సెల్‌లో బడ్జెట్‌ను, ఖర్చును పక్కపక్కన పెట్టి తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాల్లో రాయడం, మీటింగు మినిట్స్ శుభ్రమైన తెలుగులో రాయడం, యూసీలో ఏమేం ఉంటాయో తెలుసుకోవడం. ఈ మూడూ వచ్చినవాళ్ళకు చిన్న సంస్థలో మొదటి రోజే కుర్చీ వేస్తారు. కర్నూలు, కడప, ఇడుపులపాయ కాలేజీల్లో ఉన్నవాళ్ళు ఫైనలియర్ ప్రాజెక్టు కోసం రెడీమేడ్ రిపోర్టు కొనడం మానేసి (అమ్మే షాపులు ఎక్కడున్నాయో మీకే బాగా తెలుసు), మీ మండలంలో పనిచేసే ఒక సంస్థను అడగండి. మొక్కల లెక్కకు, హాజరు లెక్కకు ఒక చిన్న డేటాబేస్ చేసిపెట్టినా వాళ్ళకు ఏడాది పనికొస్తుంది. హైదరాబాద్‌లో పీఎంఐ వాళ్ళ పెర్ల్ సిటీ చాప్టర్ ఉంది. అనుభవమున్న మేనేజర్లు అక్కడ కలుస్తుంటారు. ఒక పూట వలంటీరుగా వస్తారా అని అడగడానికి ఫీజేం లేదు. కాకపోతే వచ్చేవాళ్ళకు ముందే సుగ్గి గురించి చెప్పండి.

మా టీము విషయానికొస్తే, దాతల్లో ఒకరు తేదీ మార్చడానికి ఒప్పుకున్నారు, ఒకరు ఒప్పుకోలేదు, ఇంకొకరి నుంచి జవాబు రావాల్సి ఉంది. గోడ మీద చార్టు రెండుసార్లు చెరిపి రాశారు. కడప వైపు ఆఫీసులో వచ్చే ట్రైనింగు బయటివాళ్ళతో కాకుండా మైదుకూరు దగ్గర పనిచేసే ఫీల్డ్ వర్కరు చేతే చెప్పించాలని అక్క అంటున్నారు. ఆ అమ్మాయికి ఇంగ్లిష్ గైడ్ చదవడం కష్టంగా ఉందట. మొదటి రెండు అధ్యాయాలు తెలుగులో రాసివ్వమని నన్ను అడిగారు. ఒకటి అయింది, రెండోదాంట్లో 'స్టేక్‌హోల్డర్' అన్న మాట దగ్గర ఆగాను. మంచి తెలుగు మాట తడితే చెప్పండి.